మూడో నీళ్ళు

ఎన్నికల కోడ్ వచ్చిన మూడో రోజుకి
కొండ దిగి వచ్చాయి తుపాకులు,
పదకొండు.
అన్నీ మూతిలోంచి మందు కూరే పాతవి,
పంట కాపలా లైసెన్సువి.
ఒక్కోదాని మెడకీ పురికొసతో అట్టముక్క కట్టి
నంబరూ పేరూ ఊరూ రాసి
మెళియాపుట్టి స్టేషన్ వెనక గదిలో
సారా కేసు బిందెల పక్కన నిలబెట్టి
రసీదులిచ్చాను.
నా డ్యూటీ అంతవరకే.

చీకటి పడ్డాక వచ్చాడు సవర జమ్మయ్య, ఏడో నంబరు.
నెత్తిన తువ్వాలు చుట్ట, దానిమీద సత్తు తపేలా,
మూత పక్కనుంచి ఆవిరి.
సెంటర్లో టీకొట్టు పొయ్యిమీద కాయించాడట.

"బావూ, తెల్లారగట్ల ఒకటి పేల్సినాను,
జొన్నసేలోకి పంది దిగితే.
కడుగుదామనుకుంతే మీ జీపు వొచ్చీసినాది.
మందు తిన్న గొట్టం బావూ,
రాత్తిరి కడక్కుండా ఒగ్గేస్తే
పొద్దుటికి ఇనుముని తినేస్తది."

డిపాజిట్ చేసిన ఆయుధం ఎవరూ ముట్టుకోరాదు.
ఎస్సై గారు పలాస మీటింగుకి వెళ్ళారు.
తాళంచెవి నా నడుముకి ఉంది.
నీళ్ళు చల్లారిపోతున్నాయి.

పెరట్లో స్తంభం దీపం కింద గొంతుక్కూర్చుని
చెవి రంధ్రంలోకి చీపురుపుల్ల దూర్చి చూశాడు.
మొదటి నీళ్ళు కాటుక.
మురిగిపోయిన గుడ్డు కంపు.
గడప దగ్గర పడుకున్న స్టేషన్ కుక్క లేచి
మహేంద్రతనయ వైపు వెళ్ళిపోయింది.
గజానికి గుడ్డ చుట్టి కిందికీ పైకీ, కిందికీ పైకీ,
చల్ల చిలికే చేతివాటం.
రెండో నీళ్ళు, గేదెలు లేచిపోయాక మడుగు.
గుడ్డ అయిపోయింది.
కోడ్ ఉల్లంఘన కింద నేను విప్పించిన బేనర్లు మూలన ఉన్నాయి.
ఓ మూర చింపి ఇచ్చాను.
ఏ పార్టీదో చెప్పను.
నలుపయ్యాక ఎవరడిగినా చెప్పలేను కూడా.

మూడో నీళ్ళు దోసిట్లో పట్టి
దీపానికి ఎత్తి చూశాడు.
చాల్లేదు.
వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.
"ఉప్పు పోనాది."
అప్పుడు మొలలోంచి తీశాడు ఇప్పనూనె సీసా.

ఏడో నంబరుని గదిలో పెడుతూ
మిగతా పదింటి మూతులూ వాసన చూస్తూ పోయాడు.
మూడో నంబరు దగ్గర ఆగాడు.
"ఇదీ పేలినాదే బావూ. నిన్నో మొన్నో."
అది తవిటయ్యది.
గట్టు తగువులో ఇద్దరిమీదా కేసు రాసింది నేనే.
"నీళ్ళింకా ఉన్నాయి కదేటి" అని
నా జవాబు కోసం చూడకుండా
బయటికి పట్టుకుపోయాడు.

"మరి నీదో బావూ?"
గోడకి ఆనించిన నా రైఫిల్ వైపు గడ్డం ఎత్తాడు.
సర్కారు తూటాకి నీళ్ళక్కర్లేదు, అన్నాను.
విజయనగరం ట్రైనింగులో అలాగే నేర్పారు.
నూనె గుడ్డ, మూడుసార్లు,
ఆఖర్న హవల్దారు కన్ను పెట్టి చూస్తాడు.

రేంజిలో కాక నేను పేల్చింది ఒక్కసారే.
గాల్లోకి, అని రిపోర్టులో ఉంది.
ఆ రాత్రి బేరక్‌లో
గుడ్డ తెల్లగా వచ్చాక కూడా తోముతూనే ఉన్నాను,
పక్క మంచం వాడు లైటార్పమని తిట్టేదాకా.
నాలిక్కి రాసి చూడాలని
నాకెవరూ చెప్పలేదు.

జమ్మయ్య తపేలా బోర్లించి దులిపి
చంకన పెట్టుకుని చీకట్లోకి నడిచాడు.
జనరల్ డైరీ తెరిచాను.
రాత్రి పదీ ఇరవై. విశేషాలు లేవు.

పెరట్లో సిమెంటు మీద నల్లటి చారిక
ఓట్ల లెక్కింపు అయిపోయి
తుపాకులన్నీ కొండెక్కాక కూడా ఉంది,
మొదటి గాలివాన దాకా.